కారు కొనేది ఒకరు, నడిపేది ఒకరు

మా అక్క మనవరాలు సుజాతకు నిజామాబాద్‌లో ఒక కార్ల షోరూంలో ఉద్యోగం వచ్చింది. చేరిన వారానికే ముఖం చిన్నబుచ్చుకొని మా ఇంటికి వచ్చింది. పొద్దంతా మాట్లాడి గొంతు పోతోందట, ఒక్క కారూ అమ్ముడుపోలేదట. ఇదే ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా కార్లు అమ్మినవాణ్ని కదా, ఏం మాట్లాడితే కొంటారో చెప్పమంది. మాట్లాడటం తగ్గించమన్నాను. తాత వేళాకోళం చేస్తున్నాడనుకుంది.

వేళాకోళం కాదు. కాకపోతే ఆ ముక్క నాకు తలకెక్కడానికి రెండేళ్లు పట్టింది. దాన్ని ఆమెకు రెండు నిమిషాల్లో ఎలా ఎక్కించను? అందుకే కూర్చొని రాస్తున్నాను. ఏ ఏడాది ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ దండ వేశారు అన్నవి ఇందులో ఉండవు. అవి నాకే సరిగా గుర్తులేవు. గుర్తున్నది మాత్రం మనుషులు. అందులోనూ బోధన్ అవతలి ఒక ఊరి మొగుడూ పెళ్లాలు.

చీరల దుకాణం

కార్లలోకి రాకముందు నేను గంజ్ దగ్గర ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించేవాణ్ని. ఒకరోజు కిషన్ సేఠ్ భార్యను తీసుకొని వచ్చాడు. స్టేషన్ రోడ్డు మీద ఆయనకు కార్ల దుకాణం ఉందని ఊరందరికీ తెలుసు. ఆమె ముందు చీరలు గుట్టగా పడ్డాయి. చూసినకొద్దీ ఆమె ముఖంలో విసుగు పెరుగుతోంది. నేను ఒక్కొక్కటే మడతపెట్టి బీరువాలోకి తోసేశాను. రెండంటే రెండు మిగిల్చాను. ఆమె వెంటనే ఒకటి చేతికి తీసుకుంది.

సేఠ్‌కు ఆశ్చర్యం వేసింది. సరుకు చూపించి అమ్మేవాళ్లను చూశాను గానీ దాచి అమ్మేవాణ్ని చూడలేదన్నాడు.

"ఎక్కువ సూపిస్తే ఏదీ కనవడది సేఠ్" అన్నాను.

మర్నాడే కబురు పంపాడు. నాకు కారు నడపడం రాదు. నడపడం దాకా ఎందుకు, అప్పటికి కారు ఎక్కిందే లేదు. ఆ మాటే చెప్పాను. "నడిపేటోళ్లు మస్తుమంది దొరుకుతరు, మడతపెట్టేటోడు నువ్వొక్కనివే దొరికినవ్" అన్నాడు.

అరవైలు మొదలైన కాలం అది. ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు, కొత్త కారు కావాలంటే పేరు రాయించుకొని ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. పేరు రాయించినప్పుడు పుట్టిన పిల్ల బడికి పోయే వేళకు కారు వచ్చేది. కాబట్టి మా దుకాణం బతికిందంతా పాత కార్ల మీదే. హైదరాబాద్ నుంచి తెచ్చి, ఇంజను విప్పి బాగుచేసి, రంగు వేసి నిలబెట్టేవాళ్లం. రకాలు కూడా రెండే. జనం నోట పెద్ద కారు, చిన్న కారు. మడతపెట్టి దాచాల్సినన్ని లేవు. నా విద్య అక్కడ అక్కరకు రాలేదని మొదటి నెలలోనే అర్థమైంది.

హమీద్ సాబ్

దుకాణంలో అమ్మకాలన్నీ హమీద్ సాబ్ చేతుల మీదుగా జరిగేవి. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఒక జాగీర్దారు కారు నడిపినవాడు. జాగీర్లు పోయాక ఇటు వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేసిన షేర్వాణీ, చెవిలో అత్తరు దూది. నన్ను కొన్ని నెలల పాటు కొనడానికి వచ్చే గిరాకీల దగ్గరికే రానివ్వలేదు. ఏ బండి బాగుచేసినా దాన్ని పరీక్షగా నడపాలి కదా, అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని జిల్లా అంతా తిప్పేవాడు.

నేను ఇంజను గురించి, గేర్ల గురించి అడిగితే జవాబిచ్చేవాడు కాదు. కిటికీలోంచి రోడ్డు చూడమనేవాడు. జక్రాన్‌పల్లి మీదుగా ఆర్మూర్ పోయే దారి ఎలా ఉంది, ధర్పల్లి వైపు రాళ్లెక్కడ తేలాయి, నందిపేట్ దారిలో పసుపు బండ్లు ఎక్కడ ఎదురవుతాయి, బోధన్ అవతల నల్లరేగడి ఎండాకాలం ఎలా పగులుతుంది, వానాకాలం ఎలా చక్రాన్ని మింగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు పరీక్ష పెట్టేవాడు. ఈ ఊరికి చిన్న కారు పంపుతావా? ఆ ఊరి వాగు దాటాలంటే ఏ బండి కావాలి?

ఒకసారి విసుగొచ్చి, నేను నేర్చుకోవాల్సింది కారు గురించి కదా అన్నాను.

"బేటా, కారు గురించి కంపెనీవాళ్లు కాయితంల రాసి పంపిస్తరు. రోడ్డు గురించి ఎవరు రాసి పంపిస్తరు?" అన్నాడు.

ఈ మాట సుజాతకు చెప్పాను, మీకూ చెబుతున్నాను. మీ దగ్గరికి వచ్చిన మనిషిది ఏ ఊరో, ఆ ఊరి దారి ఎలాంటిదో తెలియకుండా కారు గురించి నోరెత్తకండి. ఈ రోజుల్లో దారులన్నీ బాగున్నాయంటారు. ఇంటి ముందు సందు ఎంత వెడల్పుందో అడగండి.

హమీద్ సాబ్‌లో ఒక లోపం ఉండేది. ఆయన నోట్లో ఉర్దూ తేనెలా కారేది. ఒక పెద్ద కారును వర్ణించడం మొదలుపెడితే పక్క దుకాణాలవాళ్లు కూడా వచ్చి నిలబడేవారు. నందిపేట్ నుంచి ఒక పసుపు రైతు వచ్చాడు. హమీద్ సాబ్ ఆ రోజు మంచి ఊపులో ఉన్నాడు. రైతు బల్ల మీద కూర్చొని, మధ్యలో ఒక చాయ్ తాగి, అంతా విన్నాడు. చివర లేచి దండం పెట్టాడు. సాబ్ మస్తుగా చెప్పిండు, మా తమ్ముణ్ని తోలుకొచ్చి ఇనిపిస్త అని వెళ్లిపోయాడు. అన్నమాట ప్రకారం వారంలో తమ్ముణ్ని తీసుకొచ్చి వినిపించాడు కూడా. ఇద్దరూ సంతోషంగా బస్సెక్కి పోయారు.

బాగా మాట్లాడితే మీ మాటను మెచ్చుకుంటారు. మాట మెచ్చుకొని తృప్తిపడ్డవాడు ఇక కారు వైపు చూడడు.

గంగారెడ్డి వచ్చాడు

నేను చేరి ఏడాది దాటింది. హమీద్ సాబ్ దయవల్ల నడపడం వచ్చింది, లైసెన్సు వచ్చింది. నా చేతి మీద మాత్రం ఒక్క బండీ పోలేదు. అప్పుడే పెళ్లయింది. మామగారు వచ్చినప్పుడల్లా అల్లుడు ఎన్ని కార్లమ్మాడని అడిగేవాడు. సేఠ్ అడిగేవాడు కాదు, చూసేవాడు. అది ఇంకా కష్టం.

చలికాలం, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడుస్తున్న రోజులు. పొద్దున్నే గంగారెడ్డి అనే చెరుకు రైతు వచ్చాడు. మంజీర వైపు ఒక ఊరు. ఎత్తైన మనిషి, తెల్ల ధోవతి, తలకు రుమాలు, పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపించే గొంతు. వెంట భార్య నర్సవ్వ. హమీద్ సాబ్ ఆ పూట జ్వరంతో పడుకొని ఉండటం నా అదృష్టం.

దుకాణంలో అప్పుడు ఒక నల్లటి పెద్ద కారు ఉంది. నేను ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకూడదన్న తెలివి వల్ల కాదు, భయంతో నోరు రాలేదు. నాలుగు తలుపులూ తీసి పక్కకు నిలబడ్డాను. గంగారెడ్డి బానెట్ మీద అరచేత్తో, కొత్త ఎద్దు వీపు చరిచినట్టు చరిచాడు. ముందు సీట్లో కూర్చున్నాడు, వెనక కూర్చున్నాడు, దిగాడు. ఒకటే ప్రశ్న వేశాడు. దీన్ని తోలడం ఎన్ని దినాల్లో వస్తుందని.

వారంలో వస్తుందన్నాను. ఇంకొకరి చేతులూ కాళ్లూ ఎంత తొందరగా నేర్చుకుంటాయో నేనెలా చెప్పగలను? మీరెప్పుడూ అలాంటి మాట ఇవ్వకండి.

డ్రైవర్‌ను పెట్టుకోవచ్చు కదా పటేలా అని సేఠ్ లోపలి నుంచి అన్నాడు. గంగారెడ్డి ఒప్పుకోలేదు. "నా బండికి నాకు నడుమ ఇంకో మనిషెందుకు సేఠ్?" అన్నాడు. ఆయన కోరిక అంతా అదే. తన చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడితే, తనే కారు తోలుకొని వెళ్లి చూసుకోవాలి. ఇంకొకరి కోసం ఎదురుచూడటం ఆయనకు పడదు.

బేరం కుదిరింది. పాత బండి పదిహేను రోజుల్లో నచ్చకపోతే వాపసు తీసుకుంటానని సేఠ్ అందరికీ మాటిచ్చేవాడు. గంగారెడ్డికీ ఇచ్చాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"సాయిలు, బండి వెంట నువ్వు పో. నేర్పిచ్చి రా. బండి వాపస్ వస్తే మాత్రం, బండి ఒక్కటే రావాలె."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బట్టల దుకాణంలో నా చోట అప్పటికే ఇంకొకడు కూర్చున్నాడు.

బీడులో పాఠాలు

గంగారెడ్డి ఇంటి ముందరి గదిలో నాకు మంచం వేశారు. పొద్దున జొన్నరొట్టె, వంకాయ కూర, గడ్డపెరుగు. తిండికి లోటు లేదు. ఊరి బయట ఒక బీడు ఉంది, చుట్టూ కోతకొచ్చిన చెరుకు. పాఠాలకు అంతకన్నా మంచి చోటు లేదనుకున్నాను.

గంగారెడ్డి వ్యవసాయంలో మొనగాడు. ఎంత పొగరుబోతు ఎద్దునైనా లొంగదీసుకోగలడని ఊళ్లో పేరు. ఆ విద్యే ఇక్కడ అడ్డం పడింది. బండి ఆపాలంటే బ్రేకు తొక్కడం మరిచిపోయి స్టీరింగును రెండు చేతులా తన పొట్ట మీదికి లాగేవాడు. అది ఊడి రానందుకు కోప్పడేవాడు. కదలాలంటే నోటితో అదిలించి, అది కదలకపోతే నా వైపు చూసేవాడు. అప్పట్లో గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది. దాన్ని ముల్లుకర్ర పట్టినట్టు పట్టేవాడు. క్లచ్ మీది కాలు ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరి దూకి ఆగిపోయేది.

మూడో నాటికి ఊరంతా బీడు గట్టు మీద చేరింది. పల్లికాయలు వేయించుకొని తెచ్చుకునేవాళ్లు. కారు గడ్డివాములోకి దూరిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు, నవ్వితే గంగారెడ్డి ఏమంటాడో అని. ఆయనే దిగి, నెత్తి మీద గడ్డి దులుపుకొని, ముందుగా నవ్వాడు. అప్పుడు ఊరు నవ్వింది.

నర్సవ్వ రోజూ వెనక సీట్లో కూర్చునేది. మొగుడికి నీళ్ల చెంబు, సద్ది తెచ్చే నెపంతో వచ్చి, ఇక దిగేది కాదు. మొదట్లో నేను ఆమెను పట్టించుకోలేదు. ఒకసారి మాత్రం, ఎడమ కాలుతో తొక్కేది ఏమిటి తమ్మీ, అది తొక్కితే లోపల ఏమైతది అని అడిగింది. రెండు అరచేతులు ఒకదానికొకటి ఆనించి, విడదీసి చూపించాను. ఆనుకున్నప్పుడు బండి నడుస్తుంది, విడిపోయినప్పుడు నిలబడుతుంది, మెల్లగా ఆనించాలి అన్నాను. ఆమె తల ఊపింది.

ఆ తర్వాత నుంచి నాకు వెనక నుంచి ఒక గొణుగుడు వినబడసాగింది. "తొక్కు... ఇగ మెల్లగ ఇడువు... ఇడువు." గంగారెడ్డి చేయాల్సిన పనికి ఒక్క క్షణం ముందు ఆ మాట వచ్చేది. ఆయన అలాగే చేస్తే బండి నున్నగా కదిలేది. తన ఇష్టప్రకారం చేస్తే దూకేది. రెండు రోజులు గమనించాను. ఆమె ఒక్కసారీ తప్పలేదు.

నేను ఆ మాట బయటికి అనలేదు. పెళ్లాం ముందు మొగుణ్ని చిన్నబుచ్చితే కారు వాపసే. అనకపోయినా వాపసయ్యేలాగే ఉంది.

నర్సవ్వ అడిగింది

రెండో వారంలో ఒక పొద్దున కారు బీడు దాటి కాలువ గట్టు దాకా పోయింది. నేను పక్క నుంచి చేయి చాచి చేతిబ్రేకు లాగాను కాబట్టి ముందు చక్రాలు గట్టు మీదే ఆగాయి. గంగారెడ్డి దిగాడు. ఈసారి నవ్వలేదు. రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. బీడు గట్టు మీది జనం మెల్లగా లేచి పోవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్లూ నవ్వినవాళ్లకు ఆ రోజు ఆయన ముఖం చూడటానికి మనసొప్పలేదు.

"సాయిలు, నా తోని కాదు. రేపు తీస్కపోయి సేఠ్‌కు అప్పజెప్పు" అన్నాడు.

ఇంకొన్ని రోజులు చూద్దాం పటేలా అందామనుకున్నాను. ఆ గొంతు విన్నాక అనలేకపోయాను. అంత పెద్ద మనిషి గొంతు ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. అప్పుడు నర్సవ్వ వెనక తలుపు తీసుకొని దిగింది. కొంగు నడుముకు చుట్టింది.

"ఇగో, ఎట్లన్న రేపు పోయేదే గద. ఒక్కపారి నేను కూసుంట."

గంగారెడ్డి ఆమెను చూశాడు. నువ్వా అన్నాడు.

"బండికేం ఎర్క, తోలేటోళ్లు మొగోళ్లా ఆడోళ్లా?" అంది ఆమె. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

గంగారెడ్డి ఏమంటాడోనని చూశాను. ఆయన వెళ్లి వెనక సీట్లో కూర్చొని తలుపేసుకున్నాడు.

ముందు నేను బండిని గట్టు మీది నుంచి వెనక్కి తీసి బీడులో పెట్టాను. ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. కాలి మట్టెలు క్లచ్ రేకుకు తగిలి టక్కుమన్నాయి. నేను పక్కన కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, అదే గొణుగుడు. బండి చిన్నగా ఊగి, కదిలింది. దూకలేదు. బీడు చివరి దాకా పోయి, తుమ్మచెట్టు దగ్గర తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది. పోతున్న జనం పోతున్నచోటే నిలబడిపోయారు.

నేను వెనక్కి తిరిగి చూడటానికి జంకాను. గంగారెడ్డి గొంతే ముందు వచ్చింది.

"సాయిలు, ఇంకో సుట్టు తిప్పుమను."

రెండో చుట్టులో ఆమె గేరు మార్చింది. కిటికీలోంచి గాలి వచ్చి ఆమె కొంగు చివర ఎగిరింది. నా జీవితంలో చాలామందికి నడపడం నేర్పాను. మొదటిసారి బండి తమ మాట విన్నప్పుడు మనుషుల ముఖంలో వచ్చే వెలుగు ఒకటుంటుంది. ఆ వెలుగు మొదట చూసింది నర్సవ్వ ముఖంలోనే.

ఆ మధ్యాహ్నం గంగారెడ్డి భోజనానికి రాలేదు. చెరుకు కోత చూసుకోవడానికి పోయాడన్నారు. నర్సవ్వ వంటింట్లో గిన్నెలు కడిగినవే కడుగుతోంది. నేను అరుగు మీద కూర్చొని, రేపు నేను నిజామాబాద్‌కు కారులో పోతానా, పోయాక దుకాణంలోకి అడుగుపెడతానా అని ఆలోచిస్తున్నాను. ఆయన పొద్దు వాలుతుండగా వచ్చాడు. కాళ్లు కడుక్కొని నా పక్కన కూర్చున్నాడు.

"నాకు బండి గావాలె. నేనే తోలాలెనని యాడ రాసి లేదు" అన్నాడు. రుమాలుతో కాళ్లు తుడుచుకుంటూ, "నడుమ ఇంకో మనిషి వద్దన్న. మా ఇంటామె ఇంకో మనిషి ఎట్లయితది?" అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

లైసెన్సు

సంగతి విని సేఠ్ సంతోషించాడు, వెంటనే భయపడ్డాడు. ఆడమనిషి కారు నడిపితే ఎవరైనా ఏమైనా అంటారేమో, దుకాణం పేరు చెడుతుందేమో. హమీద్ సాబ్ జ్వరం తగ్గి కూర్చొని ఉన్నాడు. హైదరాబాద్‌లో బేగం సాహెబాలు ఎప్పటినుంచో నడుపుతున్నారని, మీ భయం సరిగ్గా పాతికేళ్లు ఆలస్యంగా వచ్చిందని మంచి ఉర్దూలో చెప్పాడు. ఆ ఒక్కసారి ఆయన ఉర్దూకు పూర్తి ఫలితం దక్కింది.

లైసెన్సు పరీక్షకు నర్సవ్వ నిజామాబాద్ వచ్చింది. ఇన్‌స్పెక్టరు మీసాల మనిషి, తక్కువ మాటలవాడు. పక్కన కూర్చొని బయల్దేరమన్నాడు. నన్ను, గంగారెడ్డిని వెనక సీట్లో కూర్చోనిచ్చాడు. ఆ రోజుల్లో చేయి బయటికి చాచి సైగలు చేయాలి. అన్నీ సరిగానే చేసింది. ఇక ఆఫీసు రెండు వీధుల దూరంలో ఉందనగా రోడ్డుకు అడ్డంగా ఒక ఎడ్లబండి కనబడింది. బండివాడు బస్తాల మీద మంచి నిద్రలో ఉన్నాడు. ఎడ్లు తమకు తోచినట్టు నిలబడ్డాయి.

హారన్ కొట్టమన్నాడు ఇన్‌స్పెక్టరు. కొడితే బెదురుతాయి సారూ అంది నర్సవ్వ. ఇంజను ఆపింది, దిగింది, ముకుతాడు పట్టి ఎడ్లను పక్కకు నడిపించింది. బండివాణ్ని లేపి ఏదో చీవాట్లు పెట్టింది. వచ్చి కూర్చొని మళ్లీ ఇంజను వేసింది. ఇన్‌స్పెక్టరు మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. ఇంతమందికి పరీక్ష పెట్టాను గానీ, ఎదుటి బండిని కూడా నడిపినవాళ్లను చూడలేదన్నాడు.

లైసెన్సు చేతికొచ్చాక అక్కడి నుంచి తిన్నగా బోధన్ పోయాం. ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు కనుచూపు మేర బారులు తీరి ఉన్నాయి. గాలి నిండా బెల్లం పాకం వాసన. నల్లకారు ఆ బారు పక్కన మెల్లగా పోతుంటే, బండ్ల మీది రైతులు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరో తెలిసినవాడు, ఏంది పటేలా, పగ్గాలు ఆమెకిచ్చినవా అని కేకేశాడు. చుట్టూ నవ్వులు.

నర్సవ్వ బండి ఆపింది. గంగారెడ్డి కిటికీలోంచి తల బయట పెట్టాడు. ఆ పొలం గొంతు తిరిగి వచ్చింది.

"మా ఇంట్ల పగ్గాలు మొదటిసంది ఆమె చేతులనే ఉన్నయిరా. మీకు గిప్పుడు కనవడ్డయి."

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వచ్చాయి, కానీ అవి వేరే నవ్వులు. ఒకాయన చెరుకు గడ విరిచి కారులోకి అందించాడు. నర్సవ్వ తీసుకొని నాకు ఇచ్చింది.

తర్వాత

ఆ కారు తర్వాత నాకు బోధన్ వైపు గిరాకీలు వెతకాల్సిన పని లేకుండా పోయింది. మంజీర వైపు ఊళ్ల నుంచి, కాలువ కింద కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపుల నుంచి మొగుడూ పెళ్లాలు కలిసి వచ్చేవారు. నేను మొదట అడిగేది ఒకటే, ఇంట్లో ఎవరు నడుపుతారు? చాలాసార్లు మొగుడే నడుపుతానన్నాడు. కొన్నిసార్లు ఒక చిన్న నిశ్శబ్దం వచ్చేది. ఆ నిశ్శబ్దంలో నేను రెండో తాళంచెవి తీసి బల్ల మీద పెట్టేవాణ్ని. నా అమ్మకం కళ అంతా అంతే. బోధన్‌లో ఒక బడి పంతులమ్మ, ఒక డాక్టరమ్మ, క్యాంపులో ఒక ముసలి అత్తగారు, ఆమె కోడలు, నా దగ్గరే నేర్చుకున్నారు. అత్త కన్నా కోడలు వేగంగా నడిపేది. అందుకు అత్త చాలా గర్వపడేది.

మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. బండి అమ్మిన రోజు మీ పని సగమే అయిందనుకోండి. అది వాళ్ల వాకిట్లో, వాళ్ల చేతుల్లో కదిలిన రోజు మిగతా సగం. వెనక సీట్లో కూర్చున్నవాళ్లను చూడండి. వాళ్లు గొణిగేది వినండి. తెలిసిందంతా చెప్పకండి. గిరాకీ సిగ్గుపడుతుంటే అటు తిరిగి టైరు చూడండి. ఇంకేమన్నా ఉంటే రోడ్డే నేర్పుతుంది.

ఒకసారి నర్సవ్వ బండి మరమ్మతుకు తెచ్చి, చాయ్ తాగుతూ నన్ను అడిగింది, నీ ఇంటామెకు నేర్పినవా తమ్మీ అని. నా భార్య పేరు పద్మ. నేర్పించాలన్న ఊహే నాకు రాలేదు. ఆ ఆదివారమే సేఠ్‌ను అడిగి ఒక చిన్న కారు తీసుకొని పద్మను మైదానానికి తీసుకుపోయాను. మనసులో నేను అప్పటికే ఆమెను బోధన్ రోడ్డు మీద చూస్తున్నాను.

ఆమె తొందరగానే నేర్చుకుంది. నాలుగు చుట్లు తిప్పింది. ఆపి, దిగి, చేతులు దులుపుకుంది.

"మంచిగనే ఉన్నది గని, దీంట్ల డబ్బల కూసున్నట్టున్నది. నాకు సైకిల్ నేర్పు" అంది.

నేను వాదించబోయి ఆగాను. అన్నేళ్లుగా గిరాకీలకు చేస్తున్న మర్యాద ఇంట్లో మనిషికి చేయకపోతే ఎలా? పద్మ సైకిల్ మీద మార్కెట్‌కు పోవడం మొదలుపెట్టిన కొత్తలో, ఒక పొద్దున కిషన్ సేఠ్ కారు ఆమె వెనకాల వచ్చింది. సేఠ్ హారన్ కొట్టాడు. ఆమె రోడ్డు మధ్యలోంచి పక్కకు జరగలేదు, జరగడం ఇంకా రాలేదు. సేఠ్ గత్యంతరం లేక కూరగాయల మార్కెట్ దాకా ఆమె వెనకే నడకంత వేగంతో వచ్చాడు. దుకాణానికి ఆలస్యంగా చేరి, టోపీ తీసి బల్ల మీద పెట్టి నన్ను పిలిచాడు.

"ఇంత పెద్ద కార్ల దుకాణం పెట్టుకొని, నీ భార్యకు ఏం అమ్మినవ్ సాయిలు?"

"నేనేం అమ్మలే సేఠ్" అన్నాను. "పక్క సైకిళ్ల దుకాణంల తనే కొన్నది."